పన్ను పుస్తకంలో మీ ఇల్లు ఎంత?

వంటింట్లో ఏ డబ్బాలో ఎంత పప్పు మిగిలిందో మూత తీయకుండానే చెప్పేస్తాం. ఈ నెలలో పాలబ్బాయి ఎన్నిరోజులు నాగా పెట్టాడో కేలండరు చూడకుండా చెప్పేస్తాం. మరి మన ఇల్లు ఎన్ని చదరపు అడుగులో ఎంతమందిమి చెప్పగలం? పోనీ, ఆ సంగతి అలా ఉంచండి. మున్సిపాలిటీవారి పన్ను రికార్డులో మీ ఇల్లు ఎన్ని చదరపు అడుగులని రాసి ఉందో మీకు తెలుసా?

"అవన్నీ మావారు చూసుకుంటారండీ" అంటారేమో! మీవారు చూసేది కింద ఉండే అంకె ఒక్కటే, ఎంత కట్టాలీ అని. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కట్టేస్తే నూటికి 5 రూపాయలు తగ్గిస్తామని ఏటా ప్రకటిస్తూ వస్తున్నారు కదా, ఆ ప్రకటన పేపర్లో పడగానే వెళ్లి కట్టేసి, "ఇంత మిగిల్చాను" అంటూ వస్తారు. అసలు ఆ అంకె ఎలా వచ్చింది, దాని వెనక ఉన్న కొలత సరైనదేనా అని ఆరా తీసే ఇల్లు వీధికి ఒకటి ఉంటే గొప్ప. అరకిలో వంకాయలు కొనేటప్పుడు తరాజు ముల్లు వంక గుచ్చిగుచ్చి చూసేవాళ్లం, ఏటా వేలు పోసే ఇంటి పన్ను దగ్గర మాత్రం తూకం అడగం!

ఇది ఆడవాళ్లం పట్టించుకోవలసిన విషయమని ఎందుకంటున్నానంటే, ఇప్పుడు చాలా ఇళ్లు మన పేర్ల మీదే ఉంటున్నాయి. నోటీసు మన పేరున వస్తుంది. తప్పుంటే సరిచేయమని అర్జీ పెట్టాలన్నా సంతకం మనదే కావాలి. సంతకం ఎలాగూ పెడుతున్నాం కాబట్టి, దేనిమీద పెడుతున్నామో చదువుకుంటే పోయేదేముంది?

అడుగుకి ఇంత అని లెక్క

ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో 2021 మార్చి దాకా అద్దె విలువ మీద పన్ను ఉండేది. మీ పేటలో అలాంటి ఇంటికి చదరపు అడుగుకి నెలకు ఎంత అద్దె పలుకుతుందో ఒక రేటు పెట్టుకుని, దాన్ని ఇంటి కొలతతో గుణించి, ఏడాదికి లెక్కగట్టి, అందులో కొంత వంతు పన్నుగా వేసేవారు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఈ పద్ధతి మార్చి, రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్క ప్రకారం ఆస్తి విలువ ఎంతో దానిమీద పన్ను అన్నారు. నివాస గృహాలకైతే ఆ విలువలో నూటికి 0.10 నుంచి 0.50 వంతు మధ్యన ఆయా మున్సిపాలిటీలు నిర్ణయించుకోవాలి. జనం ఒక్కసారిగా గగ్గోలు పెట్టకుండా ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని కూడా అప్పుడే నిబంధన పెట్టారు. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో సొంతదారే కాపురముంటే ఏడాదికి 50 రూపాయలే పన్ను అన్నారు. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఏ పేదరాలి ఇల్లో 370 అడుగులు ఉండి, కాగితం మీద 390 అని పడిందనుకోండి, ఆ 20 అడుగుల సిరా మరక ఎంత పని చేస్తుందో!

హైదరాబాదులో ఉన్న అక్కచెల్లెళ్లకి లెక్క వేరు. అక్కడ ఇంటి కొలతను చదరపు అడుగుకి నెలకింత అనే అద్దె రేటుతో గుణిస్తారు. వచ్చిన అద్దె విలువ పెరిగేకొద్దీ పన్ను శాతం కూడా మెట్లుమెట్లుగా పెరిగి 30 దాకా వెళుతుంది. అంటే కొలత ఎక్కువగా పడితే రెండువైపులా దెబ్బ అన్నమాట.

పద్ధతి ఏదైనా గుణకారంలో ఒకవైపు కూర్చునేది ఇంటి కొలతే. చిన్న ఉదాహరణ చెబుతాను. మీ ఇంటికి 360 అడుగులు ఎక్కువ రాశారనుకోండి. కట్టడం విలువ చదరపు అడుగుకి 1,000 రూపాయలు అనుకుంటే, లేని ఇంటికి 3,60,000 రూపాయల విలువ పుట్టుకొచ్చిందన్నమాట! పన్ను నూటికి 0.15 వంతు అనుకుంటే ఏడాదికి 540 రూపాయలు. గ్రంథాలయ సెస్సు దానిమీద వేరు. "ఐదువందలేగా" అనకండి. ఏళ్ల తరబడి, పెంపులతో సహా లెక్క వేసుకోండి.

కానీ డబ్బు కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆ కొలత ఇంటితో పాటే తిరుగుతుంది. ఇల్లు అమ్మబోయినా, పిల్లలకి రాసివ్వబోయినా, బ్యాంకులో తాకట్టు పెట్టబోయినా దస్తావేజులో ఒకటి, పన్ను రికార్డులో ఒకటి, నేలమీద ఇంకొకటి ఉంటే అవతలివాళ్లు ముందు అనుమానంగా చూసేది మనల్నే. మా ఇంటి సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు కొలవడం నేర్చుకుందాం.

టేపు పట్టుకోండి

జాకెట్టు కొలతల టేపు దీనికి పనికిరాదు. అది 60 అంగుళాలకే అయిపోతుంది, మీరు పదిసార్లు జరుపుతూ కొలిస్తే జరిపినచోటల్లా అంగుళం పోతుంది. తాపీమేస్త్రీల దగ్గర 30 మీటర్ల చుట్టటేపు ఉంటుంది, ఒక పూటకి అడిగి తెచ్చుకోండి. ఇంకో మనిషి సాయం కావాలి. ఎండెక్కకముందే పని కానివ్వండి.

పన్నుకి లెక్కలోకి వచ్చేది ప్లింత్ ఏరియా. అంటే గదుల లోపలి కొలత కాదు, గోడల మందంతో సహా బయటినుంచి బయటికి, నేలమట్టంలో తీసుకునే కొలత. చాలామంది ఆడవాళ్లు ఇక్కడే పొరబడతారు. "మా ఇంట్లో నాలుగు గదులు, ఒక్కొక్కటి పన్నెండు పదులు, మొత్తం 480 అడుగులేనండీ, 580 పైన రాశారు" అని లబలబలాడుతూ వెళతారు. 9 అంగుళాల గోడలు వేసిన ఇంట్లో రెండు గదులు పక్కపక్కన ఉంటే ఆ వరసలో మూడు గోడలుంటాయి. మూడు తొమ్ముదులు 27 అంగుళాలు, అంటే రెండడుగుల మూడంగుళాలు. ఒకవైపు 26 అడుగుల 3 అంగుళాలు, ఇంకోవైపు 22 అడుగుల 3 అంగుళాలు. గుణించి చూడండి, 584 అడుగులు వస్తుంది. అంటే 104 అడుగులు గోడలే మింగేశాయి! ఈ లెక్క తెలియకుండా ఆఫీసుకి వెళితే వాళ్లు ఒక్క మాటతో మనల్ని వెనక్కి పంపేస్తారు. అసలు తప్పు ఇంకెక్కడైనా ఉన్నా ఆ తర్వాత మన మాట చెవిన పెట్టరు.

ఇంకో మెలిక అంగుళాల దగ్గరుంది. 26 అడుగుల 6 అంగుళాలని కేలిక్యులేటర్లో 26.6 అని నొక్కకూడదు. అడుగుకి 12 అంగుళాలు కాబట్టి 26.5 అని నొక్కాలి. 3 అంగుళాలైతే 0.25, 9 అయితే 0.75. పిల్లల చేత లెక్క వేయించినా ఈ ఒక్కటీ మీరు పక్కనుండి చూడండి.

ఇల్లు చక్కగా నాలుగు పలకలుగా ఉండదు కదా. అందుకని కాగితం మీద ఇంటి ఆకారం గీసుకుని, ముందు భాగం, వంటింటి భాగం, వరండా అని ముక్కలు చేసి, దేనికది కొలిచి కూడండి. పైకప్పు ఉన్న వరండా కలపాలి. కిటికీల మీది సన్‌షేడ్లు, ప్రహరీగోడ, నుయ్యి, ఖాళీ పెరడు కలపనక్కర్లేదు. మేడ ఉంటే అంతస్తుకి అంతస్తు విడిగా రాయండి. బొమ్మ అందంగా రాకపోయినా ఫర్వాలేదు, అంకెలు స్పష్టంగా ఉండాలి.

ఇప్పుడు రికార్డులో ఏముందో చూడాలి. డిమాండు నోటీసు మీద పేరు, డోరు నంబరు, అసెస్‌మెంటు నంబరు, ఆరునెలలకెంత, పాతబాకీ ఎంత అన్నవి ఉంటాయి. ఇంటి కొలత చాలాసార్లు ఉండదు. అసెస్‌మెంటు నంబరు పట్టుకుని వెళితే మున్సిపాలిటీ రెవెన్యూ విభాగంలో కంప్యూటర్లో తీసి చూపిస్తారు. అంతస్తు, కప్పు రకం, కట్టిన సంవత్సరం, వాడకం, ఎవరుంటున్నారు, ఎన్ని అడుగులు, ఇవన్నీ అడిగి రాసుకోండి. "అవన్నీ మీకెందుకమ్మా" అన్నారంటే సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది కదా, పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లోపు జవాబివ్వాలి. ఆ మాట మెల్లగా అన్నా చాలు, కంప్యూటర్ తెరుచుకుంటుంది!

తప్పు ఎలా దూరుతుంది?

పూర్వం కొలతలకు వచ్చినవాళ్లు ఎండలో గేటు దగ్గరే నిలబడి అంచనాగా రాసుకుపోయిన రోజులున్నాయి. ఆ పుస్తకాల్లోంచి కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు 1,060 కాస్తా 1,600 అయిన ఇళ్లున్నాయి. గజాలూ అడుగులూ కలగాపులగం అవుతాయి. గజానికి 9 చదరపు అడుగులు. చదరపు మీటరుకి 10.76 అడుగులు. సెంటుకి 48.4 గజాలు. నెల్లూరు వైపువాళ్లకి అంకణం అంటే 72 చదరపు అడుగులు, అదే అంకణం వేరే జిల్లాల్లో 36. ఇన్ని కొలతలున్న దేశంలో గుమస్తా చెయ్యి జారడం వింత కాదు. స్థలం ఎంతో అదే ఇల్లు అని రాసిన సందర్భాలూ ఉంటాయి. దస్తావేజులో 200 గజాలు అని ఉంటే, పెరడంతా ఇల్లే అయినట్టు 1,800 అడుగులు పడిపోతుంది.

అపార్టుమెంట్లలో ఉన్నవారు ఇంకో సంగతి చూసుకోవాలి. బిల్డరు చెప్పే అడుగుల్లో మెట్లు, లిఫ్టు, నడవ వాటాలు కూడా కలిసి ఉంటాయి. మీ ఫ్లాటు రికార్డులో ఏ అంకె పడిందో, మీ కింద అంతస్తులో సరిగ్గా మీలాంటి ఫ్లాటుకి ఏ అంకె పడిందో పోల్చి చూడండి. ఒకే నమూనా ఫ్లాట్లకి వేరువేరు కొలతలుంటే అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఇద్దరూ కలిసి వెళ్లండి.

కొలతతో పాటు పక్క గళ్లు కూడా చూడాలి. రేకుల ఇంటిని స్లాబు ఇల్లని, సొంతంగా ఉంటున్న ఇంటిని అద్దెకిచ్చిందని, కాపురముండే గదిని దుకాణమని రాసినా పన్ను మారిపోతుంది. కొలత సరిగ్గానే ఉండి పన్ను ఎక్కువగా కనిపిస్తే తప్పు ఆ గళ్లలో ఉందని అర్థం.

మా పెరట్లో లేని ఇల్లు

మా ఇల్లు మామయ్యగారు కట్టించింది. 2010లో నా పేర రాసేశారు. "వాడు వ్యాపారం చేసుకునేవాడు, ఇల్లు నీ పేరున ఉంటేనే నిలుస్తుందమ్మా" అన్నారు. అప్పట్లో పెరట్లో రెండు గదుల పెంకుటిల్లు ఉండేది, 20 అడుగులు పొడవు, 18 అడుగులు వెడల్పు. దూలాలు చెదపట్టి వానాకాలం ఎప్పుడు కూలుతుందోనన్నట్టుండేది. 2012లో పడగొట్టించేశాం. మామయ్యగారు పద్ధతి మనిషి, తీసేశామని నా చేత సంతకం పెట్టించి మరీ మున్సిపాలిటీలో అర్జీ ఇచ్చి వచ్చారు. ఆ తర్వాత ఆయన పోయారు, ఏడాదికేడాది నోటీసు వచ్చేది, కట్టేవాళ్లం.

2023లో మా అమ్మాయి పైచదువుకి విదేశం వెళ్లాలంది. కాలేజీలో సీటొచ్చింది. బ్యాంకువాళ్లు ఇల్లు తాకట్టు పెట్టమన్నారు. వాళ్ల ఇంజనీరు వచ్చి కొలిచి 1,084 అడుగులని రాశాడు. పన్ను రికార్డు కాపీలో 1,444 ఉంది. "360 అడుగుల ఇల్లు కాగితం మీద ఉంది, నేలమీద లేదు, ఇది తేలేదాకా ఫైలు కదలదు" అన్నాడు మేనేజరు. కాలేజీకి మొదటి వాయిదా కట్టడానికి మాకున్నది రెండు నెలలు కూడా లేదు. పిల్ల మొహం చూడలేకపోయాం.

"రెండువేలిస్తే నేను చూసుకుంటానమ్మా" అని మధ్యవర్తి ఒకడు ఇంటికే వచ్చాడు. ఇలాంటివాళ్లకి వార్త ఎలా చేరుతుందో గానీ చీమలకి బెల్లం తెలిసినట్టు తెలిసిపోతుంది. వాడిని పంపేసి నేనే వెళ్లాను.

కొలత ఎక్కువైందంటే సరిచేయమని అడిగే అర్జీని రివిజన్ పిటిషన్ అంటారు. కట్టడం తీసేస్తే దానికి కూల్చివేత అని వేరే అర్జీ ఉంటుంది. ఏది పెట్టాలో కౌంటర్లో అడిగి తెలుసుకుని పెట్టాలి, తప్పు అర్జీ పెడితే నెల తర్వాత తిప్పి పంపుతారు. కొత్తగా పన్ను పెంచుతూ ప్రత్యేక నోటీసు వస్తే మాత్రం అభ్యంతరం చెప్పడానికి గడువు ఆ నోటీసులోనే రాసి ఉంటుంది. అది దాటనివ్వకండి. నోటీసు అందిన తారీకు దాని మీదే వేసుకోవడం మంచిది.

అర్జీలో కథంతా రాయక్కర్లేదు. అసెస్‌మెంటు నంబరు, డోరు నంబరు, రికార్డులో ఉన్న కొలత, నిజంగా ఉన్న కొలత, తేడా ఎందుకొచ్చింది, వచ్చి కొలిచి సరిచేయమని వినతి, అంతే. ఒక పేజీ దాటలేదు నాది. దానికి దస్తావేజు నకలు, తాజా పన్ను రశీదు, ఇంటి ప్లాను, నేను గీసిన కొలతల బొమ్మ, ఆధార్ నకలు జతచేశాను. రెండు కాపీలు తీసుకువెళ్లి ఒకదానిమీద ఆఫీసు ముద్ర, నంబరు, తారీకు వేయించుకున్నాను. ఈ ముద్ర లేని అర్జీ ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. "ఇప్పుడు లేదంటున్నారు సరే, ఎప్పట్నుంచి లేదో రుజువేది?" అన్నారు. ఉన్నదాన్ని చూపించడం తేలిక, లేనిదాన్ని ఎలా చూపించాలి చెప్పండి! ఇంటికొచ్చి మామయ్యగారి ట్రంకుపెట్టె దింపాను. బియ్యం కార్డులు, పాత కరెంటు బిల్లులు, ఎరువుల రశీదులు... అన్నిటి అడుగున 2012 నాటి అర్జీ కాపీ, దానిమీద ఊదారంగు ముద్ర! పెంకుటింటి కరెంటు మీటరు తిరిగి ఇచ్చేసిన చీటీ కూడా దానికే గుండుసూదితో గుచ్చి ఉంది. అత్తయ్య ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు మాట్లాడలేదు.

ఇంకో రుజువు మా అమ్మాయే ఇచ్చింది. 2015లో దానికి ఓణీలు ఇచ్చిన ఫంక్షన్ పెరట్లోనే చేశాం. ఆల్బమ్‌లో ఫొటోల మూల తారీకు అచ్చయి ఉంది. పెంకుటిల్లు ఉన్నచోట షామియానా, దానికింద బంతిభోజనాలు! ఆ రెండు ఫొటోలకి నకళ్లు తీయించి జతచేశాం. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ చూసి నవ్వి, "పాయసం బాగున్నట్టుందమ్మా" అన్నారు గానీ ఫైల్లో పెట్టుకున్నారు. మీ ఇంట్లోనూ గృహప్రవేశం, నోములు, పెళ్లి ఫొటోల్లో ఇల్లు ఎక్కడో ఒకచోట వెనక కనిపిస్తూనే ఉంటుంది, వెతకండి.

అర్జీ ఇచ్చిన పదిహేను రోజులకి గానీ కొలతకి మనిషి రాలేదు. మధ్యలో రెండుసార్లు వెళ్లి గుర్తుచేశాను. సోమవారం సోమవారం ఫిర్యాదులు తీసుకుంటారు కదా, అక్కడ కూడా ఒక కాపీ ఇచ్చాను. ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి అంటున్నారు దాన్ని. అక్కడిచ్చిన అర్జీకి నంబరు పడుతుంది, నంబరు పడ్డ అర్జీకి ఎప్పటికో అప్పటికి జవాబు రాయాలి.

కొలిచే రోజు మనం పక్కనే ఉండాలి. వాళ్ల టేపు రెండో కొస నేనే పట్టుకున్నాను. ముందు భాగం 26 అడుగులు, 32 అడుగులు, మొత్తం 832. వంటింటి భాగం 16, 12 కలిపి 192. ఇంతవరకూ నా బొమ్మకీ వాళ్ల లెక్కకీ అంగుళం తేడా లేదు. వరండా నేను స్తంభాల లోపల 10 అడుగులని కొలిస్తే, వాళ్లు స్తంభాల బయటికి 12 అన్నారు. వెడల్పు 6 అడుగులు కాబట్టి 60 బదులు 72. మొత్తం 1,084 అనుకున్నది 1,096 అయింది. బయటి కొలతే తీసుకోవాలన్న నియమం వాళ్లవైపు ఉంది, ఆ 12 అడుగుల దగ్గర నేను తగువు పెట్టుకోలేదు. వాళ్లు రాసుకున్న అంకెల కింద నా సంతకం అడిగారు. గళ్లన్నీ నింపాకే పెట్టాను. ఖాళీ ఫారం మీద మాత్రం ఎవరడిగినా సంతకం పెట్టకండి.

ఎక్కువేనా, తక్కువ సంగతేమిటి?

మా వీధిలో ఒకావిడ మా సంగతి విని తనూ అర్జీ పెడదామనుకున్నారు. వాళ్లకి 90 అడుగులు ఎక్కువ పడింది. తీరా చూస్తే వీధివైపు గది షట్టరు పెట్టి టైలరుకి అద్దెకిచ్చారు, రికార్డులో అది ఇంకా పడకగదిగానే ఉంది! కొలతకి వచ్చినవాళ్లు ఎక్కువ రాసింది ఒక్కటే చూసి వెళ్లరు కదా. ఆవిడ వారం రోజులు తర్జనభర్జన పడి అర్జీ మానుకున్నారు. తప్పో ఒప్పో నేను చెప్పను గానీ, నా ఆలోచన ఇది: ఎప్పటికైనా బయటపడేదే. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలూ డ్రోన్లూ పెట్టి ఇళ్లు కొలుస్తున్నారు. హైదరాబాదులో 2024లో ఇలాంటి సర్వే మొదలైంది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019లో వచ్చినప్పుడు, ఇంటివాళ్లే కొలత రాసిచ్చే పద్ధతి పెట్టి, కావాలని తక్కువ రాస్తే పన్నుకి 25 రెట్లు జరిమానా అన్నారు. ప్లాను లేకుండా లేపిన అంతస్తుకి పన్నుకి పన్నంత జరిమానా వేసే నిబంధన అంతకుముందునుంచే ఉంది. కాబట్టి అర్జీ పెట్టేముందు ఇల్లంతా మీరే ఒకసారి తనిఖీ చేసుకుని, మేడ మీది రేకుల గదితో సహా అన్నీ కలిపి లెక్క వేయండి. అన్నీ కలిపాక కూడా రికార్డులో ఎక్కువే ఉంటే ధైర్యంగా వెళ్లండి.

అర్జీ పెట్టాం కదా అని పన్ను కట్టడం ఆపకూడదు. గడువు దాటితే నెలకి నూటికి 2 రూపాయలు వడ్డీ పడుతుంది, అర్జీ పెండింగులో ఉందంటే కంప్యూటర్ వినదు. పాత లెక్క ప్రకారమే కట్టేసి, తేడా తర్వాత సర్దుబాటు చేయమని అర్జీలోనే ఒక వాక్యం రాయండి.

మాకు మొత్తం 38 రోజులు పట్టింది. 1,096 అడుగులుగా సవరించినట్టు కమిషనరు సంతకంతో కాగితం ఇచ్చారు. అర్జీ పెట్టిన అర్ధసంవత్సరం నుంచి తగ్గించారు. అంతకుముందు పదేళ్లకి పైగా లేని పెంకుటింటికి కట్టినది తిరిగి రాలేదు. అడిగాను, పైకి అప్పీలు చేసుకోమన్నారు. మామయ్యగారి అర్జీ ముద్రతో సహా ఉన్నా ఇవ్వకపోవడం అన్యాయమే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ పిల్ల చదువు ముందుంది, ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకి పరుగెత్తాను. కాలేజీ గడువు ఇంకా తొమ్మిది రోజులుందనగా అప్పు మంజూరైంది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. మరుసటి ఏప్రిల్లో నోటీసు వచ్చింది. కొలత 1,096 అని మార్చారు, పన్ను తగ్గింది. కింద గడిలో మాత్రం పాత లెక్కకీ కొత్త లెక్కకీ ఉన్న తేడాని పాతబాకీ అని చూపించి, దానికి వడ్డీ కూడా వేశారు! కమిషనరు సంతకం చేసిన కాగితం, పన్ను కట్టిన రశీదులు తీసుకుని మళ్లీ వెళితే ఆ పూటే తీసేశారు. అందుకని సవరణ అయ్యాక వచ్చే మొదటి రెండు నోటీసులూ పైనుంచి కిందిదాకా ప్రతి గడీ చదవండి. ఆ కాగితానికి మూడు నకళ్లు తీయించి ఒకటి దస్తావేజుతో, ఒకటి పన్ను రశీదులతో పెట్టండి. మూడోది మా ఇంట్లో మామయ్యగారి ట్రంకుపెట్టెలోనే ఉంది.